ఉత్తరం హద్దు

హైదరాబాద్ ఇంకా పూర్తిగా మింగని శివార్ల,
మేడ్చల్ తహసీల్ ఆఫీసు ముందర, జిరాక్సు షాపు రేకుల కింద
నా బల్ల. నలభై ఏండ్ల సంది భూములకు హద్దులు రాస్తున్న.
తూర్పున బండ్లబాట. పడమట వాగు.
దక్షిణాన చింతల పోశయ్య చెల్క.
ఉత్తరాన
విమానాల బడి ప్రహరీ, మీద ముళ్లతీగ.

రెండెకరాల పదకొండు గుంటలు.
అమ్మేది బొల్లు ఈదమ్మ.
కొనేది ఒక పేరు.
ఆ పేరుకు యజమాని ఇంకో పేరు,
దాని యజమాని సముద్రం నడుమ ఏదో దీవిల ఒక పోస్టు డబ్బా.
ఉల్లిగడ్డ ఒలిచినట్టు ఒలుచుకుంట పోయిన.
కండ్లల్ల నీళ్లొచ్చినయి గని మనిషి దొరకలే.

"ఆ గడి ఇడిసిపెట్టు మున్షీ సాబ్" అన్నడు ఏజెంటు.
మొన్నమొన్ననే ఫారంల మొలిచిన గడి:
అసలు యజమాని ఎవరు, ఏ దేశం?

నాకు ఈదమ్మ సద్దిగిన్నె యాదికొచ్చింది.
గోడ పక్కకు గడ్డి కోయబోతే
తుపాకి పిల్లగాడు ఆపి మూత తీయించేటోడట.
జొన్నరొట్టె, ఎల్లిపాయకారం, ఒక్కోనాడు చింతతొక్కు.
కొడవలి గూడ లెక్కరాసుకొని ఇచ్చేటోడు.
ముప్పై ఏండ్లు తెరిచిన మూత.
"దేశం పని గదా" అనేది ఆమె, తప్పు పట్టలే.

ఆ గట్టు మీద నిలబడితే
ఏ పొద్దు ఏ విమానం లేస్తదో,
కొత్త పిల్లగాండ్లు ఎట్ల వణుక్కుంట దిగుతరో
అంతా కనపడుతది.
రేపు అక్కడ పోస్టు డబ్బా నిలబడుతది.
దాని మూత ఎవరు తీయిస్తరు?

ఇట్లనే రాసుకుంట పోతే నేను పెద్ద దేశభక్తుణ్ణి అయిపోత.
కని ఈదమ్మ ఎదురుంగ కూసుంది.
మూడు బోర్లు ఎండినయి. బ్యాంకు నోటీసు కొంగుల ఉంది.
ఊరి సేటు చెప్పే ధర డబ్బా ధరల సగం.
సేటు కోసం ఏ ఫారంలనూ గడి లేదు.
దేశాన్ని కాపాడే ఖర్చుల ఆ సగం
ఈమె ఒక్కతే కట్టాల్నా?
అది అడగటానికీ గడి లేదు.

"ఎవరు కొడుకా కొనేది?"
"తెల్వదమ్మా."
"తెల్వనోనికి బర్రెను గూడ అమ్మం గద" అని నవ్వింది.
నవ్వి, కొంగు ముడి తడుముకుంది.

గడిల గీత కొట్టలే, ఖాళీ ఇడవలే.
"తెలియదు" అని రాసిన, పెద్దపెద్ద అక్షరాలల్ల.
ఏజెంటు కాయితం గుంజుకొని బండెక్కిండు.
ఈదమ్మ చానసేపు ఉత్తరం దిక్కు చూసి
రాతకూలి ఎంతయిందని అడిగింది.