గడియారం తిరిగే వైపు

నా ఉద్యోగం పక్షుల్ని లెక్కపెట్టడం.
వార్మె తీరానికి ఎదురుగా, రెట్టలతో తెల్లబారిన ఈ దీవిలో
పందొమ్మిదేళ్లుగా నీటికాకుల పద్దు రాస్తున్నాను.
ఒక్కొక్కటిగా కాదు.
చదరపు మీటరుకు మూడు గూళ్లు,
మిగతాదంతా ఎక్కాల పని.

డిసెంబరు పదకొండున పుస్తకంలో ఇలా ఉంది:
పొద్దున వెళ్లినవి దీపాలవేళ దాటినా రాలేదు.
పిల్లలు నోళ్లు తెరుచుకునే ఉన్నాయి.

అంతకు ముందు వారమే కదా
సముద్రం పెసరకట్టులా పచ్చగా, చిక్కగా ఉంది.
నెత్తళ్లు పడతాయని ఫొర్తునాతో వల బాగుచేసుకున్నాడు,
అప్పు తెచ్చి డీజిల్ కూడా పోయించాడు.
ఆ పచ్చదనం ఒక్క రాత్రిలో పోలేదు.
నిద్రపోతున్నవాడి మీంచి దుప్పటి లాగినట్టు
నింపాదిగా, అంచు అంచుగా పోయింది.

నేను సముద్రాన్ని తిట్టాను.
తిట్టడానికి ఇక్కడ ఇంకెవరున్నారు?

ఒదాలిస్ పాంతా ఫొర్తునాతో పడవలోనే వచ్చింది,
తాడుకు వరసగా సీసాలు కట్టుకుని.
ఒక్కో లోతుకు ఒక్కో సీసా.
పైకి లాగి, మూతలు బిగించి,
నా పద్దుపుస్తకం అట్ట మీద
ఉప్పు వేలితో ఒక సున్నా చుట్టింది.

"ఎవరూ తినలేదు, దొన్ ఎలెవుతేరియో.
అడుగునుంచి చల్లటి నీళ్లు ఎరువు మోసుకుని వచ్చిన మాట నిజమే.
కానీ ఒడ్డు వెంట పోయే ప్రవాహం ఒకచోట తూలింది,
తూలి, తన చుట్టూ తానే తిరిగింది.
వంద కిలోమీటర్ల సుడి.
మన ఎరువును కొంగున కట్టుకుని పడమటికి నడిచింది.
దారిలో సగం వెలుతురు అందని లోతుకు జారిపోయింది."

కొట్టుగది నిండా బస్తాలున్నాయి,
తాళంచెవి మాత్రం ఎండ దగ్గర ఉంది.
అలా అర్థం చేసుకున్నాను నేను.

తర్వాత ఒక నీటిబొట్టు చూపించింది అద్దాల కింద.
గాజు డబ్బీలు, గాజు గొలుసులు,
ఒకటి మాత్రం అచ్చం విరిగిన దువ్వెనలా ఉంది.
ఆవిడా నా జాతిదే:
చిన్న గడిలో లెక్కపెట్టి
మిగతా సముద్రాన్ని ఎక్కాలకు వదిలేస్తుంది.
"ఆరు" అంది.
పోయిన వారం ఇదే గడిలో నాలుగు వందలట.

"సుడి ఎటు తిరుగుతుంది?" అని అడిగాను,
ఏదో ఒకటి అడగాలని.
నా మణికట్టు పట్టుకుని గడియారం చూపించింది.
మన సముద్రంలో ముల్లు వైపు తిరిగే సుడికి
నడుమ సొట్ట పడుతుంది,
ఏతం వేసినట్టు అడుగు నీళ్లు పైకెక్కుతాయి.
ఎదురు తిరిగేది ఉబ్బుతుంది,
అడుగును అడుగునే తొక్కిపెడుతుంది.

"మరి మనల్ని దోచింది ఉబ్బినదేనా?"
తల అడ్డంగా ఊపింది.
"కాదు. ముల్లు వైపుదే."

అంటే, ఎత్తేదే ఎత్తుకుపోయింది.

జారగా మిగిలినదాంతో
ఎక్కడో నడిసముద్రంలో, ఎవరూ పేరు పెట్టని నీళ్లలో
ఈపాటికి కాస్త పచ్చబడి ఉండొచ్చంది.
"అక్కడ పక్షులుంటాయా?"
"ఉంటాయి. మీ పుస్తకంలో లేనివి."

ఆవిడ వెళ్లాక పుస్తకంలో కొత్త గడి గీశాను.
వచ్చినవి, పోయినవి, చచ్చినవి,
వాటి పక్కన ఇంకొకటి.
దానికి ఏం పేరు పెట్టాలో తెలియలేదు.
రాత్రి గడియారానికి కీ ఇవ్వబోయి
కాసేపు ఊరుకున్నాను,
తర్వాత ఇచ్చాను.

జనవరి రెండున గాలి మారింది.
నీళ్లలోంచి దోసకాయ చెక్కుతున్న వాసన,
చలి వాసన.
సాయంత్రం పెద్దవి కొన్ని గొంతులు ఉబ్బించుకుని వాలాయి.

పిల్లలు నూట అరవై నాలుగు మిగిలాయి.
చదరపు మీటరుకు కాదు, దీవి మొత్తానికి.
ఈసారి ఎక్కాలు వేయలేదు.
ఒక్కొక్కటిగా లెక్కపెట్టాను.