మినిట్స్‌లో ఎక్కనివి

సమావేశం దుప్పట్ల గదిలో జరిగింది.
హాజరు పదకొండు మంది.
వాళ్లలో ఇద్దరు గోడకి ఆనుకుని నిలబడే కునుకు తీశారు.
ఇది రాయలేదు.

కరెంటు లేదు.
ఉతికిన బట్టల మీద బ్లీచింగు వాసన,
దాని అడుగున ఎంత ఉతికినా పోని వాసన.
కిటికీ అవతల మలావీ సరస్సు,
ఒడ్డున చేపలెండే తడకల మీద వెన్నెల.

లిలోంగ్వే నుంచి మినీబస్సులో
రబ్బరు బొమ్మని ఒళ్లో కూచోబెట్టుకుని వచ్చింది
యూనియన్ పంపిన టీచరు తిసుంగే.
"బొమ్మక్కూడా టికెట్ కొట్టాడమ్మా కండక్టరు!"
నవ్వాం. నవ్వి ఎన్నాళ్లయిందో.

మొదటి అంశం గ్లవ్స్.
మా అర్జీకి జిల్లా ఆఫీసు ఇచ్చిన జవాబు నేనే చదివాను.
రెండు పేజీల మర్యాద.
పిండితే మిగిలేది పాత సామెతే:
మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి.

వెనక నుంచి ఎనిఫా లేచింది.
ముప్పై ఒక్కేళ్ల సర్వీసు.
ఒక్కనాడూ చందా కట్టిన మనిషి కాదు,
సంఘమంటే చేతిలో పనిలేని వాళ్ల కబుర్లనేది.
"పట్టాం" అంది.
"సంతలో పట్టాం, పడవలో పట్టాం,
ఫోను పళ్ల మధ్య కరిచి ఆ వెలుగులో పట్టాం.
వట్టి చేతుల్తో పట్టి, మూడు నెలలు
రక్తపరీక్ష కాగితం కోసం నిద్రలేకుండా చూశాం.
పట్టే చేతిని ఎవరు పట్టుకుంటారో అడగండి.
రాయి, కార్యదర్శీ."

రాశాను. ఉన్నదున్నట్టు.

రెండో అంశం ఫైనెస్.
చేరి ఆర్నెల్లే. అక్టోబరులో ఒక రాత్రి
రక్తం ఆగక ఒక తల్లి పోయింది.
తెల్లారేసరికి మెమో వచ్చింది, నిర్లక్ష్యమని.
మేం ఆ రాత్రి డ్యూటీ చార్టు తీసుకెళ్లి బల్ల మీద పరిచాం:
ఒక నర్సు, పదిహేడు మంచాలు.
మూడు వాయిదాలు తిరిగాక
మెమో వెనక్కి తీసుకున్నారు.
ఆ తల్లిని ఎవరూ వెనక్కి తేలేదు.
తీర్మానంలో మొదటి సంగతే ఉంది.

తర్వాత తిసుంగే బొమ్మ కడుపులో
బీట్‌రూట్ నీళ్ల సంచి విప్పింది.
ఎరుపు కారుతోంది, బల్ల మీంచి నేలకి.
నీళ్లేనని తెలుసు అందరికీ.
అయినా ఎవరూ మాట్లాడలేదు.
ఫైనెస్ ముందుకొచ్చింది. చెయ్యి జారింది.
మళ్లీ జారింది.
మూడోసారి వెళ్లిపోబోయింది.

ఎనిఫా తన చెయ్యి ఆమె చేతి మీద పెట్టింది.
"ఇక్కడ. గుప్పిట బిగించు.
గడియారం చూడకు, నన్ను చూడకు.
వేళ్ల కింద అది రాయిలా అయ్యేదాకా వదలకు."
ఎంతసేపో తెలీదు.
బల్ల అంచున ఆఖరి చుక్క
వేలాడి, వేలాడి, పడకుండా ఆగింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

శిక్షణ రిజిస్టరులో సంతకాలయ్యాయి,
లైసెన్సు రెన్యువల్‌కి పాయింట్లు కావాలి కదా.
ఎనిఫాకి అక్కర్లేదు. మార్చిలో రిటైరవుతోంది.
అయినా సంతకం పెట్టింది.
చితెంజె కొంగు ముడి విప్పి,
నలిగిన క్వాచా నోట్లు నా పుస్తకం మీద పెట్టింది.
"ముప్పై ఒక్కేళ్ల బాకీకి ఇది చాలదు.
ఈ నెలది రాసుకో."

ముగిసిన సమయం రాయలేదు.
తలుపు దగ్గర ఒకామె మూలుగు,
వెంట వచ్చిన తల్లి నెత్తిన ప్లాస్టిక్ టబ్బు,
అందులో నల్ల షీటు, కాగితం విప్పని బ్లేడు, 
ఇంటి నుంచి తెచ్చుకున్న కొవ్వొత్తి.
అందరికంటే ముందు లేచింది ఫైనెస్.

గది ఖాళీ అయ్యాక చూశాను.
వెళ్తూ వెళ్తూ ఎవరో
బొమ్మకి దుప్పటి కప్పారు,
మొహం మాత్రం కప్పకుండా.