తలా తోకా ఉన్న ఉప్పు

ఒకప్పుడు హాలే ఊరు ఉప్పు కాచి బతికింది.
మనిషి పడుకునేంత పెనాల ముందు చెమటోడ్చిన వాళ్ళ వంశంలో
రోస్‌వితా క్యూనాస్ట్,
అరవై నాలుగేళ్ళ వయసులో, యూనివర్సిటీ మూడో అంతస్తులో,
ఇంకా ఉప్పే కాస్తోంది:
ఆవగింజలో సగం, రెండు గాజుబిళ్ళల నడుమ.

ఉప్పూ నిప్పూ అంటాం, పగవాళ్ళని చూపించి.
ఈమె మైక్రోస్కోపు కింద చిన్న కుంపటి ఉంది,
దాని మీద ఆ రెంటికీ సఖ్యత.

ఈ ఉప్పుకి తలా తోకా ఉంటాయి.
తల, అయిదు మూలల ఉంగరం, నిండా ధనావేశం.
తోక, కార్బన్ల గొలుసు. నూనె బుద్ధి.
దానికి ఏ ఆవేశమూ గిట్టదు.

నిన్న హెన్నింగ్ పట్టుకొచ్చినదానికి ఎనిమిదే కార్బన్లు.
జనవరి చలిలో కూడా సీసాలో తేనెలా కదిలింది.
కాచినా చల్లార్చినా కంటద్దంలో చీకటే.
"పొట్టి తోక. వరుస కలవదు," అంది.

ఇవాళ పదహారు.
డెబ్బై డిగ్రీల దగ్గర స్ఫటికం నడుం సడలించింది,
అయినా నీరుగారిపోలేదు.
తలలు తలల పక్కకి జరిగాయి, సందుల్లో బ్రోమైడ్లు.
తోకలు ఒకదాంట్లోకి ఒకటి, వేళ్ళలో వేళ్ళు దూర్చినట్టు.
పొర మీద పొర.
జారుతుంది, చెదరదు.
చీకట్లో విసనకర్రలు విచ్చుకున్నాయి,
పసుపు, ఊదా, పేరు తెలీని ఒక నీలం.

కుర్రాడు ఊపిరి బిగబట్టి,
"అయితే తోక పొడుగే సూత్రమా?" అన్నాడు.

ఆమె ఇంకో గాజుబిళ్ళ పెట్టింది. అదే తల, అదే పదహారు.
బ్రోమైడ్ స్థానంలో మాత్రం
ఫ్లోరిన్లు మోసే ఒక స్థూలకాయపు అయాను,
తన ఆవేశాన్ని ఒళ్ళంతా పలచగా పులుముకున్నది.
కరిగింది.
విసనకర్ర ఒక్కటి లేదు.

"పక్కన ఎవరు కూచున్నారో అదీ చూడు," అంటూ
పాత నోటుబుక్కులో 'పన్నెండు' అని రాసిన పేజీ తీసింది.
సగం కొట్టివేతలు, ఒక కాఫీ మరక.
పన్నెండు సంగతి ఏళ్ళ తరబడి ఆమెకి తేలలేదు.
ఒక జోడీతో వరుస కలుపుతుంది,
ఇంకో జోడీ వస్తే మొహం చాటేస్తుంది.
ఆ పేజీ మీద పెన్సిలు పెట్టి కుర్రాడి వైపు తోసింది.
శుక్రవారంతో ఆమె ఉద్యోగం ఆఖరు.

బయట మెట్లు గడ్డకట్టాయి.
కాపలాదారు డోబ్లర్ బకెట్టుతో ఉప్పు చల్లుతున్నాడు,
మామూలు ఉప్పు, తలా తోకా లేనిది.
అది చిటచిటమంటూ మంచుని తింటోంటే
రోస్‌వితా వంగింది,
ఒక గల్లు తీసి నాలిక మీద వేసుకుంది,
మొహం చిట్లించి
హెన్నింగ్ మోచెయ్యి పట్టుకుని దిగింది.