ఆరు గంటల దాకా

మడత విప్పితే అరచెయ్యంత కాగితం,
మూడు సంతకాలు, ఒక ఊదారంగు ముద్ర.
ఆటోనగర్ నాలుగో రోడ్డు నుంచి గొల్లపూడి టెస్టింగు ట్రాక్ దాకా,
ఈ ఒక్కరోజు, పొద్దున్న తొమ్మిది మొదలు సాయంత్రం ఆరు వరకు,
వేరే పనికి వాడరాదు,
దారిలో ఎవర్నీ ఎక్కించుకోరాదు.

పదకొండేళ్ల బండికి
తొమ్మిది గంటల ఊరు.

నెంబరుండాల్సిన చోట తెల్ల రేకు.
మస్తాన్ వలీ రాత్రంతా ఆలోచించి
ఎర్ర పెయింటుతో ‘పరీక్షకు’ అని రాశాడు.
‘క్ష’కి చోటు చాలక పక్కకి ఒరిగింది.

ఇంజను వేలంలో కొన్న పాలవ్యానుది,
గేర్‌బాక్సు ఎవరిదని అడక్కండి, బిల్లుంది.
ఛాసిస్ నాది, నా చేతి వెల్డింగు.
సీట్లు మా ఆవిడ ప్రకాశమ్మవి,
లారీల టార్పాలిన్లు కుట్టిన సూదితోనే
ఈ రెక్సిన్నీ కుట్టింది, గట్టిగా, కాస్త వంకరగా.

బిస్కెట్ డబ్బాలోంచి బిల్లులన్నీ తీసి పరిస్తే
ఆఫీసు గుమాస్తా అడిగాడు,
“ఇంత తిప్పలెందుకండీ, సెకండ్‌హ్యాండ్‌ది దొరుకుతుందిగా?”
ఎందుకో నాకూ తెలీదు.
తెలిస్తే మూడో ఏటే ఆపేసుండేవాణ్ణి.

షట్టరెత్తాం. తోయకుండానే స్టార్టయింది.
అదొక్కటే మస్తాన్‌కి నచ్చలేదు:
“కాస్త మొరాయిస్తే బావుండేదన్నా, దిష్టి పోయేది.”

బెంజి సర్కిల్ దగ్గర చెయ్యడ్డం పెట్టాడు కానిస్టేబుల్.
కాగితం రెండుసార్లు చదివాడు, పెదాలు కదుపుతూ.
“అంటే, బండి ఇంకా లేనట్టే. కానీ వెళ్లొచ్చు.”
“అంతేనండీ.”
లేని బండికి దారిచ్చాడు.

కంట్రోల్ రూం దగ్గర బస్టాపులో ప్రకాశమ్మ,
చేతిలో టిఫిను క్యారియరు.
హారన్ కొట్టాను. ఆగలేదు.
తను కుట్టిన సీటు నా పక్కన ఖాళీగా అదురుతోంది.
అద్దంలో చూస్తే
వెనకాల ఆటోలో వస్తోంది, బేరమాడే తీరికలేక
అడిగినంతా ఇచ్చేసి.
ఫ్లైఓవర్ ఎక్కాం. కృష్ణ ఏ వైపుందో చూళ్లేదు,
నా కళ్లు టెంపరేచరు ముల్లు మీదున్నాయి.

ఇన్‌స్పెక్టరు చిన్నపిల్ల.
చున్నీ నడుముకి బిగించి, టార్చి పట్టుకుని
బండి కిందకి దూరింది.
నా అతుకుల వెంట బొటనవేలితో రాసుకుంటూ పోయింది,
పుస్తకంలో వరస మీద వేలు నడిపినట్టు.
“ఎవరు చేశారిది?”
“నేనేనమ్మా.”
ఫారంలో ‘తయారీదారు’ దగ్గర పెన్ను ఆగింది,
కంపెనీ పేర్లకి అలవాటుపడ్డ పెన్ను.
నా పేరు మూడక్షరాలు, సాంబయ్య.
గడి సగం కూడా నిండలేదు.

పొగ, సరే. దీపాలు, సరే. బ్రేకులు, సరే.
ఏటవాలు మీద హ్యాండ్‌బ్రేకు లాగి దిగమంది.
దిగాను.
జానెడు జారింది.
ఇద్దరం ఆ జానెడునే చూస్తూ నిలబడ్డాం.
“మళ్లీ రండి,” అంది, “కొత్త కాగితం తీసుకుని.”

తిరుగుదారి పట్టేసరికి నాలుగుంబావు.
కాగితంలో ఇంకా గంటా నలభై ఐదు నిమిషాలుంది.
ఇటు తిప్పితే ఇబ్రహీంపట్నం, అటుపైన ఎంత దూరమైనా.
నా చెయ్యి ఇండికేటరు దాకా వెళ్లింది.
ఎవరు చూస్తారు?
వెనకాల అదే ఆటో, అదే క్యారియరు.
చెయ్యి తీసేశాను.

బెంజి సర్కిల్‌లో అతనే.
“ఏమైంది?”
“హ్యాండ్‌బ్రేకు.”
“నా స్కూటరుకి అసలు బ్రేకులే లేవు,” అన్నాడు,
మెరిసిపోతున్న కంపెనీ కారునొకదాన్ని ఆపి
నన్ను ముందు పంపాడు.

ఆరుకి పది నిమిషాలుండగా షెడ్డులోకి.
వెనక చక్రం కింద మస్తాన్ ఇటుక పెట్టాడు.
ప్రకాశమ్మ ఆటో దిగి, తలుపు దగ్గర నిలబడి,
“ఇప్పుడెక్కొచ్చా?”

షెడ్డు రోడ్డు కాదు.
కాగితం కూడా ఆ సంగతి ఏమీ అనలేదు.
ముందు మేమిద్దరం, వెనక మస్తాన్,
చల్లారిపోయిన ఇడ్లీలు, మూతలో పచ్చడి.
ఆరయింది.
ఇంజను ఇంకా టిక్కు టిక్కుమంటూ
మెల్లగా చల్లబడుతోంది.