ఏడో మట్టు

హోసకోట దాటాక, గోడౌన్ల కోసం చదును చేస్తున్న నేల.
నా తెరమీద అది రెండు దుప్పట్లు:
ఉన్న నేల ఆకుపచ్చ, కావలసిన నేల ఎరుపు.
రెండింటి నడుమ ఇరుక్కున్న గాలి ఎంతో
సాఫ్ట్‌వేర్ ఘనమీటర్లలో చెబుతుంది,
దశాంశం తర్వాత మూడంకెలు వేసి మరీ,
ఒక్కసారైనా గొంతు తడబడకుండా.

చీటీలు ఇంకోటి చెప్పాయి.
టిప్పర్‌కి పద్నాలుగు, ట్రిప్పుకో గులాబిరంగు చీటీ,
ఇనపచువ్వకి గుచ్చిన కట్ట.
తవ్వితే పొంగుతుంది కదా మట్టి,
ఆ పొంగు పాతిక శాతం తీసేసినా
నూట ఇరవై అయిదు ట్రిప్పులు ఎక్కువ.

"అమ్ముకునుంటాడు" అన్నారు
మహదేవపుర ఆఫీసులో, టీ కప్పుల మీదుగా.
మునిరత్నం మూడు వారాల బాడుగ ఆగిపోయింది.
నేనూ అన్నాను ఆ మాట.
ఇది రాస్తున్నాను కాబట్టి అదీ రాయాలి.
అంకె నా పక్షాన ఉంది మరి.

ఆదివారం, ముసురు. రోలర్ కింద తలదాచుకుని
మేస్త్రీ ఓబులేసు బీడీ ఆర్పకుండానే అడిగాడు:
"ఆ మూల బాయి ఉండె గదా మేడమ్.
దాన్ని యాడ ఏసినావు లెక్కలో?"

లంటానా పొదల్లోకి దిగటానికి జంకి
సర్వే కుర్రాడు చుట్టూ తిరిగి పాయింట్లు పట్టాడు.
పాయింటు లేదని సాఫ్ట్‌వేర్ ఆగదు,
తెలిసిన మూడు చోట్లని కలుపుకుని
తెలియని దానిమీద త్రిభుజం పరుస్తుంది.
బావి నోటిమీద అలా, విస్తరాకులా,
మడత లేని ఒక్క త్రిభుజం.
దానికింద ఎంత చీకటి ఉన్నా
నా పట్టికలో లోతు సున్నా.

"మా నాయన సుంకన్న తవ్విన బాయి.
రాయదుర్గం నుంచి ఎనిమిది మందిమి వస్తిమి,
నేను తట్టకి అందేటంత.
మట్టుకింత అని బేరం.
ఆరు మట్లకి లెక్క తీర్చినారు.
ఏడో మట్టులో బండ పగిలి జల పడె.
తెల్లారేసరికి మునిగిపాయె.
గౌడ టెంకాయ కొట్టినాడు, హారతిచ్చినాడు.
నీళ్లకింద ఉండేదాన్ని ఎట్ల కొలుస్తారప్పా అని
ఆ మట్టు కూలి మటుకు ఇయ్యలా."

పాత ఉపగ్రహ చిత్రంలో వెతికితే
ఉన్నది, మినపగింజంత నల్లటి చదరం.
పదికి పది మీటర్లు. మట్టు అంటే
చెయ్యెత్తిన మనిషి, రెండు మీటర్లనుకున్నాను.
త్రిభుజాన్ని నాలుగు అంచుల్లో కోసి
కొత్త పాయింట్లు కిందికి దింపాను.
ఆరు మట్ల దగ్గర ఆపి చూశాను:
నూట ఏడు ట్రిప్పులు.
ఇంకా పద్దెనిమిది నేలమీద పోసిన దిక్కు లేకుండా ఉన్నాయి.
ఏడో మట్టుకి దింపాను.
పద్దెనిమిదీ లోపలికి పోయాయి.

నలభై ఏళ్లుగా ఎవరూ తాడు వెయ్యని చోటుని
మునిరత్నం టిప్పరు కొలిచింది,
దొంగ అనిపించుకుంటూ.

రిపోర్టులో ఇలా రాశాను:
సర్వేలో నమోదు కాని గుంట, ఒకటి.
బాడుగ విడుదలైంది. మునిరత్నం సంతకం పెట్టి
నా పెన్ను నా బల్లమీద పెట్టి వెళ్లాడు,
నా మొహం చూడలేదు.
ఆరు మట్లకీ ఏడు మట్లకీ మధ్య తేడా
ఎవరికి చెందాలో రాయటానికి
పట్టికలో గడి లేదు.

ఓబులేసుకి చెప్పాను. వేలి కణుపులమీద లెక్కపెట్టుకున్నాడు.
"పద్దెనిమిదా?"
"పద్దెనిమిది."
"ఆ చీటీలు ఇస్తావా?"

ఆడిట్‌కి ఫొటోలు తీసి ఉంచాం కదా అని
చువ్వనుంచి చివరి పద్దెనిమిదీ ఊడదీశాను.
అంచులు సరిచేసి, కళ్లద్దాల పెట్టెలో దోపుకోబోతూ
ఒక్కసారి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు.
అన్నిటికీ నడుమ ఒకటే చిల్లు,
పైనుంచి అడుగుదాకా, సూటిగా.