ఉప్పు బండి

ఫ్రిజ్‌లో చోటు లేదు.
మూలకొట్టు వాడిచ్చిన పికిల్స్ బకెట్టు తోమి
గాలన్ నీళ్ళకి కప్పు ఉప్పు,
మిరియాలు, బిర్యానీ ఆకు, నారింజ తొక్కలు.
పద్నాలుగు పౌన్ల టర్కీ కోడి.
తల లేని దాన్ని తలకిందులుగా ముంచడం
ఎలాగో నన్నడగండి.
తేలింది. మూత మీద
ట్రక్కు జాకీ పెట్టాను. మునిగింది.

వెనక వరండాలో చలే ఫ్రిజ్.
"రేపటికి ఊరుతుంది" అన్నాను.
ఐవర్ చెవుల్లోంచి పాట తీయలేదు.
సెప్టెంబరులో ఒక్క సంచీతో దిగాడు, మా అన్న కొడుకు.
అన్న ఎక్కడున్నాడో ఇద్దరికీ తెలుసు, ఇద్దరం అనం.
అప్పట్నుంచీ ఇంట్లో మాటలకి రేషను.
ఊఁ. ఊహూఁ.
ఒక్కోసారి తలుపు చప్పుడే జవాబు.

తెల్లారి నాలుగింటికి పిలుపు.
సుపీరియర్ సరస్సు రాత్రంతా మంచు కక్కింది.
వరండాలో కోడి ఊరుతోంది,
బయట దులూత్ ఊరే ఊరుతోంది.

పదకొండేళ్ళుగా నాది ఉప్పు ఉద్యోగం.
ముందు పార, వెనక ఉప్పు చిమ్మే చక్రం,
మధ్యలో నేనూ ఫ్లాస్కూ.
ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదంటారు.
ఉప్పు తిన్న మంచు
నీళ్ళవక తప్పదు.

బల్ల మీద చీటీ పెట్టి వచ్చాను:
"పదకొండింటికి ఓవెన్‌లో పెట్టు. మిగతాది ఫోన్లో."
రాస్తున్నప్పుడే తెలుసు, చెయ్యడు.

చేశాడు.
పదింటికి, కొండవీధి ఏటవాలులో బండి జారుతుండగా:
"దీన్ని కడగాలా?"
కడుగు. తుడువు. చంకలు కూడా,
పసిపిల్లకి తుడిచినట్టు.
"లోపల కాగితం సంచి ఉంది. ఏవో ఉన్నాయి అందులో."
గుండె, కార్జం, మెడ. తీయడం మరిచాను.
"ఎవరివి?"
దానివే అనుకుందాం.
అవతల చిన్న శబ్దం. నవ్వో, సిగ్నలో.

"చర్మం కింద వెన్న అంటే, ఎంత కింద?"
చెయ్యి పట్టినంత. చిరగనివ్వకు.
"పొగ వస్తోంది."
నల్లగానా, తెల్లగానా?
"మామూలుగా."

రెండింటికి ఏమీ అడక్కుండానే ఫోను చేసి
కాసేపు అలాగే ఉండిపోయాడు.
ఓవెన్లో కొవ్వు చిటపటలు నాకు వినిపించాయి.
ఇటు ఉప్పు రాలడం
వాడికి వినిపించే ఉంటుంది.
"నాన్న నూనెలో వేయించేవాడు టర్కీని.
ఒకసారి గరాజ్ అంటుకుందట."
అంటుకుంది. ఆర్పింది నేను.
"నువ్వున్నావా అక్కడ?"
నువ్వూ ఉన్నావు. మూడేళ్ళు నీకు.
కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టావు.
ఏదో అనబోయాడు.
రేడియోలో మర్లిస్ అరిచింది,
వంతెన మీద పాల ట్యాంకరు అడ్డం తిరిగిందని.
పెట్టేశాను.

నూట తొంభై మైళ్ళు చల్లాను ఆ రోజు.
ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర.
పళ్ళెంలో టర్కీ బోర్లా పడుకుని ఉంది.
వీపు తోమిన రాగి చెంబు.
తిప్పితే ఛాతీ పాలిపోయి
సాక్సు విప్పిన పాదంలా ఉంది.
"ఎటు పైకో అడగలేదు" అన్నాడు.
నేనూ చెప్పలేదు.
కత్తి దిగగానే రసం కారింది.
ఉప్పు ఎముక దాకా వెళ్ళింది,
ఎక్కడా గొంతు పెంచకుండా.
చెరో కాలూ తిన్నాం. ఇంకో ముక్క అడిగి మరీ తిన్నాడు.
తర్వాత మళ్ళీ చెవుల్లో పాట,
కాకపోతే ఒక్క చెవిలోనే.

ఒకటి చెప్పడం మరిచాను.
నేను లోపలికి వస్తున్నప్పుడు
వీధంతా గాజులా బిగుసుకుని ఉంది,
మా వరండా మెట్లు ఐదూ మాత్రం నల్లగా, తడిగా.
పక్కన బోర్లించిన బకెట్టు.
మూడో మెట్టు మీద మిరియాలు,
ఒక బిర్యానీ ఆకు.
అట్టడుగు మెట్టు అంచున నారింజ తొక్క,
నా బూటు మొదట పడే చోట.