ఆడని ఫైనల్ చొక్కాలు

మా అమ్మ ఎతెల్కా ఏ ఆటా పూర్తిగా చూడలేదు.
బుడాపెస్ట్‌లో ఇటుక బట్టీల వెనక
క్లబ్బు బట్టలుతికే కొట్టు మాది:
ఒక రాగి కాగు, రెండు తొట్లు, నీలిమందు డబ్బా.

రైళ్ళు తెచ్చిపెట్టిన కప్పు అది.
పడక పెట్టెలెక్కి పదకొండు మందీ, ఇద్దరు అదనమూ
వియన్నాకో ప్రాగ్‌కో బొలోన్యాకో పోయి
సోమవారం పొద్దున
గోనెసంచుల్లో మా గుమ్మం ముందు దిగేవాళ్ళు.

ఖండమంతా ఆవిడకి మరకల్లోనే తెలుసు.
ప్రాగ్ మట్టి నల్లన, జిగట. ఒట్టి సబ్బుకి లొంగదు.
వియన్నా పచ్చిక మోకాళ్ళ దగ్గర కూచుంటుంది,
పెళ్ళివిందులో పెద్దమనిషిలా, లేవమన్నా లేవదు.
బొలోన్యాది ఎర్రదుమ్ము,
మూడు నీళ్ళు మార్చినా
తొట్టి అడుగున కాస్త ఇటలీ మిగిలేది.
నెత్తురుకి చన్నీళ్ళే.
వేణ్ణీళ్ళు పోస్తే గుర్తుండిపోతుంది అనేది.

ఎవరు గెలిచారని అడిగేది కాదు.
వీపు మురికైతే ఓడాం, రొమ్ము మురికైతే గెలిచాం,
అదీ ఆవిడ లెక్క.
సగంసార్లు తప్పేది.

ఒక ఏడు వియన్నా మరకలు రాలేదు.
ఆటగాళ్ళున్నారు, దేశం లేదన్నారు.
మరుసటేడు ప్రాగ్‌లో జెండా మారింది.
మట్టి మారలేదు,
అమ్మ చూసి చెప్పింది.

ఆ పై వేసవి ఫైనల్ మాది.
అవతల బుకారెస్ట్ వాళ్ళు,
మూడు ఆటలాడినా తేలక
చీటీ వేస్తే పైకొచ్చారట.
అమ్మ పదమూడు చొక్కాలకీ గంజి పెట్టింది,
కాలర్లు వాటంతటవే నిలబడేట్టు ఇస్త్రీ చేసింది.

బంతి కదలనే లేదు,
సరిహద్దు కదిలింది.
గెలవలేదు, ఓడలేదు, విజిలైనా ఊదలేదు.
గోల్‌కీపర్ కాల్మాన్ కొట్టుకొచ్చి
తన చొక్కా ఒకసారి తడిమి
"శుభ్రంగా ఉంది" అని వెళ్ళిపోయాడు.
తర్వాత దోన్ నది ఒడ్డు, మంచు.
ఆ మరక ఎలా ఉంటుందో
అమ్మకెవరూ తెచ్చి చూపించలేదు.

యుద్ధం అయ్యాక కూడా ఏటా ఏప్రిల్‌లో
ఆ పదమూడూ దింపి ఉతికేది.
"మరకే లేదు కదమ్మా?"
"అదే పోవట్లేదు."

ఆ తర్వాత దీపాల కింద ఆటలొచ్చాయి,
విమానాలొచ్చాయి,
పెద్ద చెవుల వెండి కప్పొకటి వచ్చి
ఊళ్ళ పేర్లన్నీ తన వైపు లాక్కుంది.
మా రైళ్ళ కప్పు చావలేదు,
రెండో వరసవాళ్ళ మధ్య
పాత చుట్టంలా తిరిగింది చాలాకాలం.
పిలిచినవాళ్ళింటికల్లా వెళ్ళేది.

దాని ఆఖరి ఫైనల్ రాత్రి
రేడియో దగ్గర కూచున్నాను.
ఫుట్‌బాల్ వార్తలయ్యాయి, ధరలయ్యాయి,
వానలు పడతాయన్నారు.
ఫలితం చెప్పారో, నాకే వినపడలేదో.

అమ్మ పోయి అప్పటికి పదకొండేళ్ళు.
గోల్‌కీపర్ చొక్కాని చిమ్మెటలు తినేశాయి,
కాలరొక్కటే నిలబడి ఉంది.
మిగతా పన్నెండూ దింపి
తొట్టి నింపాను.

ఏప్రిల్ కాదు.
నీలిమందు డబ్బా మూత
తుప్పుపట్టి రాలేదు.